ఇక్కడిదాకా నాది

ఆసుపత్రి గోడ మీది ఎర్ర అంకె తొమ్మిది. నా చేతిలో చీటీ పద్నాలుగు. ఒక్కో పిల్లకు పన్నెండు నిమిషాలనుకుంటే నాకింకా గంట ఉంది. ఈ గంటలో నేను తేల్చుకోవలసింది ఒక్కటే. లోపలికెళ్ళి అబద్ధం చెప్పి నా కూతుర్ని ముంచాలా, నిజం చెప్పి ముంచాలా.

తూనీగ నా పక్కన కుర్చీలో ఉంది. దాని అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది కానీ పుట్టిన మూడో ఏటి నుంచీ మా తమ్ముడు పెట్టిన పేరే దానికి నిలిచిపోయింది. ఎక్కడా వాలదు, వాలినా ఎగిరిపోతుంది, అన్నాడు వాడు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. జారిన మేజోడు పైకి లాక్కోమని చెప్పి ఎంతసేపయింది? వంగింది, మేజోడు అంచు పట్టుకుంది, నేల మీద పలక పగిలిన గీత కనబడింది, అక్కడే ఆగిపోయింది. చెయ్యి మేజోడు మీదే ఉంది. మనిషి గీత వెంట వెళ్ళిపోయింది. ఎక్కడికి వెళ్తావే తల్లీ, వెళ్ళేటప్పుడు నాకొక మాట చెప్పి వెళ్ళకూడదా. నేనే లాగాను మేజోడు. అలవాటు. ఆ అలవాటే ఇవాళ నా పీకల మీదికి తెచ్చింది.

ఎదురు కుర్చీలో ఒక పెద్దావిడ మనవరాలిని పట్టుకోలేక ఆయాసపడుతోంది. ఆ పిల్ల కుర్చీ ఎక్కి దూకుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. "మీ పాప ఎంత బుద్ధిగా కూర్చుందమ్మా! మా దాని మీద కాస్త ఊదమనండి," అంది పెద్దావిడ. నవ్వాను. ఆవిడను చూస్తే అసూయగా ఉంది. ఆవిడ మనవరాలి జబ్బు అందరికీ కనబడుతుంది, కుర్చీలు విరుగుతాయి, ఎవరైనా నమ్ముతారు. నా పిల్ల జబ్బు చప్పుడు చెయ్యదు. మా ఆయన లిఫ్టు మెకానిక్. ఆయనకు లోపమంటే చప్పుడే. "ఎక్కడో కీచుమంటేనే రిపేరు. దీంట్లో కీచు లేదు, నువ్వే ఊరికే విప్పి చూస్తున్నావు," అన్నాడు. అత్తయ్యదింకో తీర్పు. "మా ఇంట్లో ఇలాంటి పిచ్చివాళ్ళు ఎవరూ లేరు. మీవైపు చూసుకో." మా వైపు చూసుకున్నాను. నిజమే, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయే పిన్ని ఒకావిడ ఉండేది. అందరూ నవ్వేవాళ్ళం. పాపం పిన్ని.

పది.

అప్పుడే మారిందా? చేతిసంచి ఒళ్ళోకి లాక్కున్నాను. సంచిలో మూడు నోటుబుక్కులు, ఒక కవరు. డాక్టరు అడిగినవి అవే. బడి వాళ్ళు నింపిన ప్రశ్నల కాగితం, పోయిన నెల క్లాసులో రాసిన పుస్తకాలు. ఎనిమిది నెలలు ఆగితే దొరికింది ఈ తేదీ. అంతకుముందు ముగ్గురిని చూశాం. మొదటి డాక్టరు తల ఎత్తకుండా అడిగాడు, గెంతుతుందా, గోడలెక్కుతుందా, కొడుతుందా అని. లేదండీ అన్నాను. అయితే ఏడీహెచ్‌డీ కాదమ్మా, ఆ ధ్యాస నిలవని జబ్బు ఆడపిల్లలకు పెద్దగా రాదు, అన్నాడు. నాలుగు నిమిషాలు. రెండో ఆయన చెవులు పరీక్ష చేయించి, రక్తం తక్కువుందని మాత్రలిచ్చాడు. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. పక్కింటి కుళాయి కారినా దానికి వినబడుతుంది, పక్కనే నిలబడి నేను పిలిస్తే వినబడదు. మూడో ఆవిడ కౌన్సెలరు. నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి, మీ భార్యాభర్తల మధ్య గొడవలేమైనా ఉన్నాయా అని గొంతు తగ్గించి అడిగింది. ఉన్నాయి, ఈ పిల్ల గురించే ఉన్నాయి, అన్నాను. చూశారా, అని రాసుకుంది. ఆ రాతను తలకిందులుగా చదివాను నేను. తల్లి ఆందోళన, అని రాసి కింద గీత కొట్టింది.

తలకిందులుగా చదవడం నా వృత్తి. నేను చెక్కుడు దుకాణంలో పనిచేస్తాను. షీల్డుల మీద, పెన్నుల మీద, గడియారాల వెనక పేర్లు చెక్కుతాం. అచ్చు అక్షరాలు మిషను చేస్తుంది. చేతిరాత మాత్రం నేను చేస్తాను. పోయినేడు ఒక పెద్దాయన చనిపోయిన భార్య మాత్రల డబ్బా తెచ్చాడు. మూత మీద ఆవిడ తన చేత్తో రాసుకుంది, ఉదయం ఒకటి అని. ఆ రెండు మాటలూ అలాగే తన గడియారం వెనక కావాలన్నాడు. చెక్కి ఇచ్చాను. వేలితో తడిమి, ఇది ఆవిడే రాసింది, మీరు కాదు, అన్నాడు. పనిలో చేరిన కొత్తల్లో మేస్త్రీ ఒకే మాట నేర్పాడు. "చదివావంటే నీ రాత దూరిపోతుందమ్మాయ్. కాగితం తిప్పి పెట్టు. అర్థం చూడకు, ఆకారం చూడు." తిప్పి పెడితే అన్నీ తెలుస్తాయి. ఎక్కడ చెయ్యి అలిసింది, ఎక్కడ కోపమొచ్చింది, ఎక్కడ మనసు లేచిపోయింది. తూనీగ రాతలో ఆ చోటు నాకు ఒక్క చూపులో తెలుస్తుంది. నాలుగో వరుస దాకా అక్షరాలు బుద్ధిగా నడుస్తాయి. ఐదో వరుసలో ఒక అక్షరం తోక సాగుతుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు. తెల్లకాగితం.

ఆ తెల్లకాగితం నింపింది నేను. దాని చేతిరాతతో.

అదీ సంగతి. ఈ మూడు పుస్తకాల్లో నా కూతురు రాసింది మూడోవంతు ఉంటుందేమో. ఏడాదిన్నర క్రితం ఒక రోజు టీచరు పుస్తకంలో ఎర్రసిరాతో అసంపూర్తి అని రాసింది. అదే పేజీలో మూడోసారి. రేపటికి పూర్తి కాకపోతే క్లాసులోకి రానివ్వను, అని. మర్నాడు ఉదయం తూనీగ స్నానానికి వెళ్ళింది. స్నానానికి వెళ్తే నలభై నిమిషాలు, చెంబు చేత్తో పట్టుకుని గోడ మీద నీటిబొట్లు ఎటు జారతాయో చూస్తూ ఉండిపోతుంది. నేను పెన్సిల్ తీసుకున్నాను. నాలుగు వరుసలే అనుకున్నాను. చెయ్యి తిరిగినదాన్ని కదా, తోక సాగడం దగ్గర్నుంచి అచ్చంగా దించాను. టీచరు టిక్కు పెట్టింది. తూనీగ పుస్తకం తెరిచి చూసింది, మూసింది, ఏమీ అనలేదు. నిన్న ఏం తిన్నదో గుర్తుండని పిల్లకు ఎక్కడ ఆపిందో ఎలా గుర్తుంటుంది అనుకున్నాను. నాలుగు వరుసలు పేజీ అయింది. పేజీ రోజూ అయింది. అన్నీ సరిగ్గా ఉంటే అనుమానం వస్తుందని పేజీకో తప్పు కూడా పెట్టాను. ఎంత తెలివి! దొంగలకు కూడా అంత ముందుచూపు ఉండదు.

పెద్దావిడ మనవరాలు వచ్చి తూనీగ ముందు నిలబడింది. "నీ పేరేంటి?" తూనీగ తల ఎత్తింది. చెప్పబోయింది. ఆ పిల్ల గౌను మీద బొత్తాలు ఐదింటిలో ఒకటి వేరే రంగు. అంతే. పేరు గాలికి పోయింది.

పదకొండు.

పోయిన నెల బస్సు దిగి నాకంటే రెండు అడుగులు ముందు నడిచింది. రోడ్డు మధ్యలో ఆగింది. ఎందుకు ఆగిందో ఇప్పటికీ నాకు తెలియదు. వ్యాను దాని భుజానికి జానెడు దూరంలో ఆగింది. టైర్ల వాసన. డ్రైవరు దిగి, "పిల్లని కనిపెట్టుకోలేని దానివి ఎందుకు కన్నావమ్మా!" అని అరిచాడు. నేను పిల్లను కొట్టాను. నడిరోడ్డు మీద, అందరి ముందూ, నా జీవితంలో మొదటిసారి. అది ఏడవలేదు. "సారీ అమ్మా, ఇంకోసారి వెళ్ళను," అంది. వెళ్ళను! తను ఎటో వెళ్తోందని దానికి తెలుసు. వెళ్ళకుండా ఉండటం ఎలాగో తెలియదు. ఆ రోజు నుంచీ నాకు ఎప్పుడు కళ్ళు మూసినా ఆ టైర్ల వాసనే.

బడి సంగతి ఇంకా ఘోరం. పరీక్షల్లో తూనీగ కాగితాలు సగం ఖాళీ. పుస్తకాలేమో నిండుగా ఉన్నాయి. హెడ్‌మిస్ట్రెస్ రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. "ఇంట్లో ఇంత చక్కగా రాసే పిల్ల ఇక్కడ రాయట్లేదంటే చేతకాక కాదండీ. పొగరు. సోమవారంలోగా డాక్టరు కాగితం ఉంటే తెండి. లేకపోతే వేరే బడి చూసుకోండి." ఇవాళ శుక్రవారం. ఆవిడ ఆ మాట అన్నప్పుడు దాని పక్కనే కూర్చున్నాను, నోరు మెదపలేదు. నా పెన్సిలు దానికి పొగరు అంటగట్టింది. రాయలేని పిల్లను రాయనని మొండికేసే పిల్లగా మార్చింది నేను. చెప్పాల్సింది అప్పుడే. చెప్తే నన్ను ఏమంటారో అని భయపడ్డాను. దొంగరాత రాసే తల్లి. ఆ తల్లి మా దుకాణంలో పనిచేస్తుందని తెలిస్తే మేస్త్రీ ఏమంటాడు? చేతిరాతలు నమ్మి ఇచ్చేవాళ్ళు ఏమంటారు? మా ఆయనకు కూడా చెప్పలేదు. చెప్తే, అదిగో, పాడు చేసింది నువ్వే, అంటాడు. అది నిజమవుతుంది.

కవరు గమ్ము సరిగా అంటలేదు. బస్సులో తెరిచి చదివాను. ఇచ్చిన పని పూర్తి చేయదు, అన్నదాని ఎదురుగా టీచరు 'ఎప్పుడూ కాదు' మీద టిక్కు పెట్టింది. అంటే పూర్తి చేస్తుందని. కావాలని మాట వినదు, అన్నచోట 'చాలాసార్లు'. పని పట్ల నిర్లక్ష్యం, 'చాలాసార్లు'. ఇరవై ఆరు ప్రశ్నలు. అందులో సగం జవాబులు నా కూతురి గురించి కావు, నా గురించి. ఈ కాగితం, ఈ పుస్తకాలు డాక్టరు ముందు పెడితే జవాబు తెలిసిందే. జబ్బు లేదమ్మా, ప్రవర్తనే. నిజం చెప్తే? పుస్తకాలు దొంగవైతే, ఇంటి దగ్గర లక్షణాలని నేను నింపి ఇందాక కౌంటరులో ఇచ్చిన కాగితం మాత్రం నిజమని ఎవరు నమ్ముతారు? తల్లి ఆందోళన. కింద గీత. మళ్ళీ ఎనిమిది నెలలు. అప్పటికి ఏ బడి, ఏ రోడ్డు, ఏ వ్యాను.

పదమూడు.

పదమూడా! పన్నెండేది? "పన్నెండు వాళ్ళు రాలేదండీ," అంది కౌంటరు అమ్మాయి. గంటనుకున్నదల్లా పది నిమిషాలకొచ్చింది. లేచాను. పెద్దావిడతో, కాస్త పాపను చూస్తుండండి అని చెప్పి, సంచి పట్టుకుని బాత్రూములోకి దూరి గడియ పెట్టాను. ఎందుకు తోచలేదు ఇంతసేపూ! తుడిచేస్తే సరి. నేను రాసిందంతా తుడిచేస్తే దాని రాత మిగులుతుంది, తెల్లకాగితం మిగులుతుంది, నిజం మిగులుతుంది, నేను ఒక్క మాట చెప్పనక్కర్లేదు. సంచి అడుగున రబ్బరు దొరికింది. వాష్‌బేసిన్ అంచు మీద పుస్తకం పెట్టి రుద్దాను. నలుపు పోయింది. కాగితాన్ని వెలుతురుకు వంచి చూశాను. ప్రతి అక్షరం గాడిలా కనబడుతోంది. పదిహేనేళ్ళు ఇత్తడి మీద నొక్కిన చెయ్యి నాది. ఆకారం దించాను, వంపు దించాను, అలసట దించాను, బరువు దించలేకపోయాను. తూనీగ పెన్సిలు కాగితం మీద తేలుతుంది. నాది చెక్కుతుంది. వెనక్కి తిప్పి తడిమితే గుడ్డివాడికైనా తెలుస్తుంది ఎక్కడిదాకా పిల్ల, ఎక్కణ్ణుంచి తల్లి. అద్దంలో ఒకావిడ చేతిలో రబ్బరుతో నిలబడి ఉంది, జుట్టు రేగిపోయి, ముక్కు ఎర్రబడి. ఎవరే నువ్వు, అన్నాను.

తలుపు మీద టకటకా కొట్టారు. "పద్నాలుగు మీరేనా అండీ? పిలుస్తున్నారు!"

గది చిన్నది. కిటికీ పరదా సగం వేసి ఉంది. డాక్టరు యాభై దాటిన మనిషి, కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుంది. తూనీగను కుర్చీలో కూర్చోబెట్టి నేనూ కూర్చున్నాను. కవరు తీసుకుంది. చదివింది. నొసలు ముడిపడింది. నాకు తెలిసిన ముడి అది. పుస్తకం తెరవబోయింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

"అందులో సగానికి పైగా నేను రాశానండీ."

"ఏంటమ్మా?"

"పాప చేతిరాతలో. ఏడాదిన్నరగా. అది ఆపేసిన చోటి నుంచి నేను నింపుతున్నాను. బడి వాళ్ళకు తెలియదు. ఆ కాగితంలో వాళ్ళు రాసింది నా పని చూసి రాశారు. పేజీకో తప్పు కూడా నేనే పెట్టాను. ఈ లెక్క చూడండి, నలభై మూడు ఆర్లు రెండొందల నలభై ఎనిమిది. దీనికి పిల్లని పీరియడంతా బయట నిలబెట్టారు. తప్పు నాది. నన్నేమన్నా అనండి. దీన్ని మాత్రం ఇంకో ఎనిమిది నెలలు ఆగమనకండి, నా వల్ల కాదు."

ఆవిడ కాగితాన్ని వెనక్కి తిప్పి బొటనవేలితో మెల్లగా తడిమింది. తర్వాత పుస్తకం తూనీగ వైపు తిప్పింది.

"ఇందులో నువ్వు రాసింది ఎక్కడిదాకా, నాన్నా?"

"దానికి తెలియదండీ, అది స్నానానికి వెళ్ళినప్పుడు..."

తూనీగ వేలు పెట్టింది. "ఇక్కడిదాకా నాది."

ఐదో వరుస. తోక సాగిన అక్షరం.

"ఇక్కడెందుకు ఆపావు?"

"క్రేను కనబడింది. కిటికీలోంచి. దాని కొక్కెం మీద పక్షి కూర్చుంది." పేజీ తిప్పింది. "ఇక్కడిదాకా నాది. టీచర్ చెవికమ్మ ఒకటే ఊగుతోంది, రెండోది ఊగట్లేదు." ఇంకో పేజీ. "ఇక్కడ ఏమీ కనబళ్ళేదు. ఊరికే వెళ్ళిపోయాను. వచ్చేసరికి బోర్డు తుడిచేశారు."

ఊరికే వెళ్ళిపోయాను. వచ్చేసరికి బోర్డు తుడిచేశారు. డాక్టరు కళ్ళజోడు దించుకుని ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. తలకిందులుగా చదివాను. ఈసారి కింద గీత లేదు. పేజీ తర్వాత పేజీ, పుస్తకం తర్వాత పుస్తకం, తూనీగ వేలు ఒక్కచోట కూడా తప్పలేదు. నాకు తెలిసిన చోట్లన్నీ దానికి తెలుసు. ఏడాదిన్నరగా తెలుసు. పుస్తకం తెరిచి చూసి, మూసి, ఏమీ అనకుండా ఊరుకున్న ప్రతి ఉదయమూ ఇప్పుడు నా మీదికి వచ్చి పడుతోంది. నేను దాన్ని కాపాడుతున్నాననుకున్నాను.

"ఈ ఫారం పనికిరాదమ్మా," అంది డాక్టరు, బడి కాగితం పక్కకు జరిపి. "ఇవాళ నేను జబ్బు పేరు రాసివ్వను. రాస్తే నేనూ మీలాగే నింపినట్టవుతుంది. మూడు వారాలు ఆ పుస్తకాలు ముట్టుకోకండి. ఎంత ఖాళీ ఉంటే అంత ఖాళీగా వెళ్ళనివ్వండి. టీచరు చేత కొత్త ఫారం నింపిద్దాం. మూడు వారాల తర్వాత వచ్చేయండి, చీటీ అక్కర్లేదు."

"సోమవారం బడిలోంచి తీసేస్తామన్నారండీ."

"తియ్యరు. ఉత్తరం రాస్తున్నాను. వైద్య పరీక్షలు జరుగుతున్నాయని, మధ్యలో పిల్లని కదపొద్దని. మీరు రాశారన్న సంగతి మాత్రం మీరే చెప్పుకోవాలి. అది నేను రాయను."

తల ఊపాను. సోమవారం. హెడ్‌మిస్ట్రెస్ బల్ల. ఆవిడ ముఖం. ఆ తర్వాత ఇల్లు, మా ఆయన ముఖం. మూడు వారాలు తెల్లకాగితాలు, ఎర్రసిరా.

డాక్టరు ఉత్తరం రాస్తూనే, తల ఎత్తకుండా మామూలుగా తూనీగను అడిగింది. "ఈ నలభై మూడు ఆర్లు నువ్వైతే ఎంత వేసేదానివి?"

"రెండొందల యాభై ఎనిమిది. అమ్మ ఒకటి పైన వెయ్యలేదు."

"మరి బయట నిలబెట్టినప్పుడు టీచర్‌కి చెప్పకూడదూ, నేను కాదు, అమ్మ చేసిందని?"

తూనీగ ఆవిడను తిన్నగా చూసింది. ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంత చిన్న విషయం ఈవిడకు తెలియదా అన్నట్టు చూసింది.

"చెప్తే అమ్మని నిలబెడతారుగా."

పెన్ను ఆగింది. డాక్టరు నావైపు చూసి, "కూర్చోండమ్మా," అంది.

నేనెప్పుడు లేచానో నాకు తెలియదు. కూర్చోలేదు. ఆ ఉత్తరం పూర్తయ్యేదాకా అలాగే నిలబడి ఉన్నాను.